కాల్సైట్ రాయి కింద అక్షరం రెండుగా కనిపించేలా బ్లెండర్‌లో రెండర్ చేయడం ఎలా?

మిర్యాలగూడ ఫిజిక్స్ మేడమ్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మిర్యాలగూడ దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. బ్లెండర్ (కంప్యూటర్‌లో త్రీడీ సీను కట్టి, వెలుగును లెక్కగట్టి బొమ్మ తీసే, అంటే రెండర్ చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది, అదీ సెలవుల్లోనే. ప్రశ్న కాస్త పొడవుగా ఉంటుంది, ఓపికతో చదవండి.

మా చిన్నాయన మఠంపల్లి వైపు సున్నపురాయి క్వారీకి లారీ నడిపేవాడు. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒకసారి జేబులోంచి ఒక తెల్లటి రాయి తీసి నా చేతిలో పెట్టాడు. "దీని కింద పేపర్ పెట్టి చూడు బిడ్డా, ఒక అక్షరం రెండు కనబడతది" అన్నాడు. చూద్దును కదా, నిజంగానే రెండు! అది కాల్సైట్. పక్కకు తోసిన అగ్గిపెట్టెలా ఉంటుంది. ముఖం మీద కోణాలు కోణమానితో కొలిస్తే 102, 78 డిగ్రీలు వచ్చాయి. మందం 22 మిల్లీమీటర్లు. ఒక మూల కొంచెం మసకగా ఉంది కానీ మిగతాదంతా నీళ్లలా తేటగా ఉంది. పుస్తకంలో బొమ్మగా చదివిన ద్వివక్రీభవనం (ఒకే కిరణం రెండుగా చీలడం) చేతిలోకి వచ్చిన రోజు అది. ఇప్పటికీ దాన్ని పాత కళ్లజోడు డబ్బాలో దూదిలో పెట్టి దాచుకుంటాను.

ఇంటర్ రెండో సంవత్సరం ధ్రువణం (వెలుగు తరంగం ఒకే దిశలో ఊగడం) పాఠం వచ్చినప్పుడల్లా రాయిని క్లాసుకు తీసుకెళ్తాను. 48 మంది పిల్లలు. ఒక్కొక్కరు చూసి పక్కవాళ్లకు ఇచ్చేసరికి పీరియడ్ అయిపోతుంది. పోయినేడు ఒక అమ్మాయి చేతిలోంచి జారి కింద పడింది, ఒక ముక్క విడిపోయింది. (విడిపోయిన ముక్క కూడా అచ్చం అదే ఆకారంలో ఉంది! ఆ అమ్మాయి ఏడవబోయి అది చూసి ఆగిపోయింది. ఆ రోజు పాఠం చీలిక తలాల మీదికి, అంటే స్ఫటికం తేలిగ్గా విడిపోయే సమతలాల మీదికి మళ్లింది.) అందుకే ప్రొజెక్టర్ మీద చూపించడానికి ఒక చిన్న యానిమేషన్ చేద్దామనుకున్నాను. తెల్ల కాగితం మీద "అ" అని ఒక అక్షరం, దాని మీద రాయి, కెమెరా నిటారుగా పై నుంచి. రాయి మెల్లగా తిరుగుతుంది. అంతే.

నేను చేసింది ఇది. రాయిలో వెలుగు సాధారణ కిరణం, అసాధారణ కిరణం అని రెండుగా చీలుతుంది. సాధారణ కిరణానికి వక్రీభవన గుణకం (వెలుగు ఎంత వంగుతుందో చెప్పే అంకె, బ్లెండర్‌లో ఐఓఆర్) 1.658, అసాధారణ కిరణానికి 1.486 అని పుస్తకంలో ఉంది. రెండు గ్లాస్ షేడర్లు (వస్తువు మీద పడిన వెలుగు ఏం చేయాలో చెప్పే అమరికలు) తీసుకుని ఒకదానికి ఐఓఆర్ 1.658, రెండోదానికి 1.486 పెట్టి, మిక్స్ షేడర్‌తో సగం సగం కలిపాను. మూడు తప్పులు వచ్చాయి.

నిటారుగా చూస్తే అక్షరం ఒక్కటే కనిపిస్తోంది, అంచులు కాస్త మసకగా. నా చేతిలోని రాయిలో మాత్రం నిటారుగా చూసినా రెండో అక్షరం పక్కకు జరిగి ఉంటుంది. స్కేలు పెట్టి కొలిచాను, రెండున్నర మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ.

కెమెరాను వంచితే రెండు కాదు, మూడు నాలుగు మసక అక్షరాలు వస్తున్నాయి.

అన్నిటికంటే పెద్దది: రాయిని తిప్పినా ఏమీ కదలడం లేదు. అసలు రాయిలో ఒక అక్షరం నిలిచి ఉంటుంది, రెండోది దాని చుట్టూ తిరుగుతుంది. పిల్లలు నోరు తెరిచి చూసేది దాన్నే.

ఫొటోషాప్‌లో అక్షరాన్ని కాపీ చేసి పక్కన అతికించి తిప్పితే సరిపోతుంది కదా అని మా స్టాఫ్‌రూమ్‌లో ఒకరన్నారు. నాకు మనసొప్పలేదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి టూరు తీసుకెళ్తే, గర్భగుడిలో కదలని నీడను చూసి "ఏ స్తంభం నీడ మేడమ్ ఇది?" అని గంటసేపు స్తంభాల మధ్య తిరిగిన పిల్లలు వీళ్లు. వాళ్లకు అతికించిన బొమ్మ చూపించి ఇదే కాంతి అని చెప్పలేను. వెలుగు నిజంగా ఆ దారిలో వెళ్లి రావాలి. ఎలా?

గద్వాల పోరడు

మేడమ్, నేను హైదరాబాద్‌లో నగల డిజైన్లకు రెండర్లు చేస్తాను. బ్లెండర్ గ్లాస్ షేడర్‌లో ఐఓఆర్‌కు ఒకే గడి ఉంటుంది, దిశ అడిగే గడి ఉండదు. సమస్య అక్కడే.

మాకు ఇది వజ్రంలా కనిపించే మొయిసనైట్ అనే రాయితో వస్తుంది. వజ్రంలో గుణకం అన్ని దిశల్లోనూ ఒకటే, 2.417. మొయిసనైట్‌కు 2.65, 2.69 అని రెండున్నాయి. భూతద్దంతో పక్క ముఖాల్లోంచి ఏటవాలుగా చూస్తే వెనక వైపు అంచులు జంట గీతల్లా కనిపిస్తాయి. రెండు రాళ్లనూ వేరు చేసే గుర్తుల్లో అదొకటి. పై బల్లముఖంలోంచి నిటారుగా చూస్తే మాత్రం కనబడదు, ఎందుకంటే సాధారణంగా రాయిని కోసేటప్పుడే దాని అక్షం బల్లముఖానికి నిలువుగా వచ్చేటట్టు కోస్తారు. అక్షం వెంట పోయే వెలుగు చీలదు. ఒకసారి నేను మొయిసనైట్ ఉంగరం రెండర్ చేసి పంపితే, ఇది వజ్రంలా ఉంది, మాకు మా రాయే కావాలి అని వెనక్కి పంపారు. అప్పుడు మీరు చేసినట్టే రెండు గ్లాసులు కలిపాను. సన్నటి ముఖాల మీద ఎవరూ పట్టుకోలేదు. కానీ మీది బల్లపరుపు రాయి, కింద అక్షరం, అందులో తప్పు దొరికిపోతుంది. నా దగ్గర జవాబు లేదు, నేనూ ఎదురుచూస్తాను.

కిరణాల వెంట

మేడమ్, మీరు కొలిచిన ఆ రెండున్నరకు తక్కువ మిల్లీమీటర్లు చూసి చాలా సంతోషం వేసింది. దాంతోనే మొదలుపెడదాం. నేను సొంతంగా ఒక చిన్న రే ట్రేసర్ (కిరణాల దారి లెక్కగట్టి బొమ్మ గీసే ప్రోగ్రామ్) రాసుకున్నాను, ఇదే గొడవతో ఒక ఎండాకాలం గడిపాను.

కాల్సైట్ అంటే రెండు గాజులు కలిపిన ముద్ద కాదు. అది దిశ ఉన్న గాజు. మీరు వేసిన 1.486 ఒకే ఒక సందర్భానికి చెందిన అంకె: వెలుగు అక్షానికి సరిగ్గా అడ్డంగా పోయినప్పుడు. అక్షం వెంట పోతే అసాధారణ కిరణానికి కూడా 1.658 వస్తుంది. మధ్యలో ఏ కోణంలో పోతే దానికి తగ్గ అంకె. లెక్క ఇలా: ఆ కోణం కోసైన్ వర్గాన్ని 1.658 వర్గంతో భాగించండి, సైన్ వర్గాన్ని 1.486 వర్గంతో భాగించండి, రెండూ కూడండి. ఆ మొత్తం విలోమానికి వర్గమూలమే గుణకం. మీ రాయిలో నిటారుగా దిగే వెలుగుకూ అక్షానికీ మధ్య 44.6 డిగ్రీలు. వేసి చూస్తే 1.566 వస్తుంది.

అంకె మార్చినంత మాత్రాన మీ సమస్య తీరదు. నిటారుగా పడిన వెలుగును స్నెల్ నియమం (గాజులోకి పోయే వెలుగు ఎంత వంగాలో చెప్పే సూత్రం) వంచదు, గుణకం ఏదైనా సరే. మీ మొదటి రెండర్‌లో జరిగింది అదే. ఒక అక్షరం 13.3 మిల్లీమీటర్ల లోతులో, ఇంకొకటి 14.8 లోతులో కనిపించాయి, రెండూ ఒకే చోట. అందుకే అంచులు మసకబారాయి. పక్కకు జరగాలంటే కిరణం స్నెల్ నియమాన్ని దాటి పోవాలి.

దీన్ని 1690లో అచ్చయిన పుస్తకంలో హైగెన్స్ బొమ్మ గీసి చూపించాడు. చెరువులో రాయి వేస్తే అల గుండ్రంగా పాకుతుంది కదా, సాధారణ కిరణం అలాంటిది. అసాధారణ కిరణం అల కోడిగుడ్డు వాటంగా పాకుతుంది. కాల్సైట్‌లో అక్షానికి అడ్డంగా ఎక్కువ వేగం, అక్షం వెంట తక్కువ, అంటే అక్షం వైపు నొక్కిన బంతి. ఇప్పుడు రాయి పైముఖం మీద పక్కపక్కనే అలాంటి అలలు లేచాయనుకోండి. వాటన్నిటినీ తాకుతూ గీసిన గీత కాగితానికి సమాంతరంగానే ఉంటుంది, అంటే తరంగం తిన్నగానే దిగుతోంది. కానీ ప్రతి అల కూడా ఆ గీతను తాకే చోటు తన కేంద్రానికి సరిగ్గా కింద ఉండదు, పక్కకు ఉంటుంది. కేంద్రం నుంచి ఆ చోటికి పోయేదే కిరణం. తరంగం ఒక దిక్కు, వెలుగు మోసుకుపోయే శక్తి ఇంకో దిక్కు! నాకు ఇది అర్థమైన రాత్రి నిద్ర పట్టలేదు.

ఎంత పక్కకు? 44.6 డిగ్రీల టాంజెంట్‌ను 1.658, 1.486 వర్గాల నిష్పత్తితో గుణించండి. 50.8 డిగ్రీల టాంజెంట్ వస్తుంది. తేడా 6.2 డిగ్రీలు. 22 మిల్లీమీటర్ల మందంలో 6.2 డిగ్రీలు వాలితే జరిగేది 2.4 మిల్లీమీటర్లు. మీ స్కేలు చెప్పింది నిజం.

ఇక బ్లెండర్ సంగతి. అసలైన దారి ఎలిప్సాయిడ్‌తో (ఇందాకటి నొక్కిన బంతి ఆకారం) కిరణాన్ని లెక్కగట్టే కోడ్ రాయడం. మీ సీను నిటారు కెమెరా, రెండు సమాంతర ముఖాలు కాబట్టి దగ్గరి దారి ఒకటుంది. రెండు వేర్వేరు రెండర్లు చేయండి.

మొదటి రెండర్: మామూలు గ్లాస్, 1.658.

రెండో రెండర్: రిఫ్రాక్షన్ షేడర్, 1.566. దాని నార్మల్ (ముఖానికి నిలువుగా ఉండే దిశ) గడిలోకి వంచిన నార్మల్ పంపండి. ముఖం నార్మల్‌కు, ముఖం పొట్టి కర్ణం దిశలో 0.3 కలిపి నార్మలైజ్ చేస్తే సుమారు 17 డిగ్రీలు వంగుతుంది. 1.566 గుణకంతో 17 డిగ్రీల వంపు కిరణాన్ని లోపల 6.2 డిగ్రీలు పక్కకు తీసుకెళ్తుంది. కింది ముఖం దగ్గర కూడా అదే వంపు ఉంటుంది కాబట్టి మళ్లీ తిన్నగా బయటికొస్తుంది. కర్ణం దిశను ఆబ్జెక్ట్ లెక్కలో తీసుకుని వెక్టర్ ట్రాన్స్‌ఫార్మ్ నోడ్‌తో వరల్డ్‌లోకి మార్చండి, లేకపోతే రాయి తిరిగినా వంపు తిరగదు.

తరువాత కంపోజిటర్‌లో (బ్లెండర్‌లో రెండర్లను కలిపే చోటు) రెండింటినీ సగం సగం కలపండి. కాగితం మీంచి వచ్చే వెలుగుకు ధ్రువణం లేదు కాబట్టి చెరిసగం పోతుందనుకోవడంలో పెద్ద తప్పు లేదు. మీకు మూడు నాలుగు అక్షరాలు ఎందుకొచ్చాయో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. మిక్స్ షేడర్ పైముఖం దగ్గర ఒకసారి, కింది ముఖం దగ్గర మళ్లీ ఇంకోసారి చీటీ తీస్తుంది. లోపలికి సాధారణ కిరణంగా పోయింది బయటికి అసాధారణ కిరణంగా వస్తోంది. అసలు రాయిలో, ముఖాలు సమాంతరంగా ఉంటే, అలా జరగదు.

ఇంకో మాట. రెండు రెండర్లనూ ఓపెన్ ఈఎక్స్ఆర్‌గా సేవ్ చేసి కలపండి. పీఎన్‌జీలో వెలుగు విలువలు అప్పటికే తెర కోసం మారిపోయి ఉంటాయి, వాటి సగటు వెలుగుల సగటు కాదు. నల్ల అక్షరం రెండుగా చీలాక బూడిదరంగు ఎంత రావాలో అక్కడే తేడా కొడుతుంది.

మిర్యాలగూడ ఫిజిక్స్ మేడమ్

అన్నా, మీకు ఎన్నిసార్లు ధన్యవాదాలు చెప్పినా తక్కువే. రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి రెండింటి దాకా కూర్చున్నాను. రెండో అక్షరం పక్కకు జరిగింది! రాయితో పాటు తిరుగుతోంది కూడా. మా ఆయనను లేపి చూపించాను.

కానీ ఒక తేడా ఉంది. చేతిలోని రాయిని రెండర్ పక్కన అదే వాటంలో పెట్టి పోల్చాను. నా రెండర్‌లో జరిగే దిక్కు అసలు దిక్కుకు ఒక పది డిగ్రీలు పక్కకు ఉంది. మోడల్‌లో నేను ముఖం మీద ఒక మొద్దు మూల నుంచి ఎదుటి మొద్దు మూలకు గీసిన కర్ణాన్నే వాడాను. నా రాయి ఒక వైపు 40, ఇంకో వైపు 29 మిల్లీమీటర్లు. దానివల్లేనా?

కిరణాల వెంట

అవును, దానివల్లే. తప్పు నాది, కర్ణం అన్నాను, అన్ని అంచులూ సమానమైన రాయిని మనసులో పెట్టుకుని. స్ఫటికానికి తన ముక్క ఎంత పొడవో తెలియదు మేడమ్, దిశలే తెలుసు. మీ పిల్ల చేతిలోంచి జారి విడిపోయిన ముక్కకూ, మిగిలిన రాయికీ అక్షం దిశ ఒకటే.

కాబట్టి కర్ణం వద్దు. 102 డిగ్రీల మూలను రెండు సమాన భాగాలు చేసే గీతను తీసుకోండి. ఆ మూలలో కలిసే రెండు అంచుల దిశలనూ పొడవు 1గా చేసి కూడితే అదే వస్తుంది. అసలు అక్షం కూడా ఇలాగే: మూడు 102 డిగ్రీల కోణాలు కలిసే మొద్దు మూల దగ్గర మూడు అంచుల దిశలనూ ఒక్కొక్కటి పొడవు 1గా చేసి కూడండి. అది ముఖం నిలువు గీతతో 44.6 డిగ్రీలు చేస్తుందో లేదో చూసుకోండి. చేయకపోతే మోడల్‌లో కోణాలు తప్పాయని అర్థం.

అలాగే కెమెరాను ఒక పది పన్నెండు డిగ్రీలకు మించి వంచకండి. వంచితే 1.566 చెల్లదు, 17 డిగ్రీలూ చెల్లదు. రాయి పక్క ముఖాల్లో కనిపించేదాన్ని అసలే నమ్మొద్దు, ఫ్రేమ్ బయటికి నెట్టేయండి.

దేవరకొండ చదువరి

ఈ చర్చ ఇప్పుడే చూశాను. మంచి ప్రశ్న, చాలా మంచి జవాబు. ఒక్క విషయం మాత్రం మేడమ్ క్లాసు కోసం చెప్పాలి, ఎందుకంటే పాఠం పేరే ధ్రువణం.

రెండు అక్షరాలూ ఒకే రకం వెలుగు కాదు. ఒకదాని ధ్రువణ దిశకు రెండోదాని దిశ లంబంగా ఉంటుంది. ఇది చూడటానికి కొత్త పరికరం అక్కర్లేదు. కాలేజీలో ఎల్‌సీడీ మానిటర్ ఉంటుంది కదా, దాని మీద తెల్ల తెరలో ఒక నల్ల అక్షరం టైపు చేసి, రాయిని తెరకు ఆనించి మెల్లగా తిప్పండి. ఒక వాటంలో ఒక అక్షరం మాయమవుతుంది, ఇంకో 90 డిగ్రీలు తిప్పితే రెండోది మాయమై మొదటిది మిగులుతుంది. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుగుకు ముందే ధ్రువణం ఉంటుంది, అందుకని. పారిస్‌లో మాలస్ 1808లో లక్సెంబర్గ్ భవనం కిటికీల మీద మెరిసే సాయంత్రపు ఎండను ఇలాంటి రాయిలోంచి చూసి, తిప్పుతుంటే రెండు బింబాల వెలుగూ మారడం గమనించాడు. అక్కడి నుంచే ధ్రువణం అనే మాట వచ్చింది. రాయిలో రెండు బింబాల సంగతి అంతకు చాలా ముందే, 1669లో, డెన్మార్క్‌లో బార్తొలిన్ రాసి పెట్టాడు.

కిరణాల వెంట గారి రెండు రెండర్ల పద్ధతి కాగితానికి సరిపోతుంది, ఎల్‌సీడీ తెరకు సరిపోదు. అక్కడ సగం సగం కాదు, కోసైన్ వర్గం ఒకదానికి, సైన్ వర్గం రెండోదానికి. తిరిగే కోణాన్ని బట్టి కంపోజిటర్‌లో పాళ్లు మార్చుకుంటే అదీ చేయొచ్చు. ఒక రాయి మీద ఇంకో రాయి పెడితే మాత్రం చిక్కే. అక్షరాలు నాలుగవుతాయి, పై రాయిని తిప్పే కొద్దీ కొన్ని వెలుగుతాయి, కొన్ని ఆరిపోతాయి. హైగెన్స్ దీన్ని చూశాడు, కారణం మాత్రం తనకు దొరకలేదని నిజాయితీగా రాసుకున్నాడు. దాన్ని రెండర్ చేయాలంటే ప్రతి కిరణంతో పాటు దాని ధ్రువణాన్ని కూడా మోయాలి. 1994లోనే దీని మీద గ్రాఫిక్స్ పరిశోధన పత్రం వచ్చింది, 2008లో వైడ్లిక్, విల్కీ అనే పరిశోధకులు ఒకే అక్షం ఉన్న స్ఫటికాలకు పూర్తి లెక్క ఇచ్చారు. మిత్సుబా 3 అనే రెండరర్ ధ్రువణాన్ని మోస్తుంది, కోడ్ రాయగలిగినవాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇంకోటి. పిల్లలు మన గుట్టల మీంచి పలుగురాళ్లు ఏరుకొచ్చి ఇందులో రెండెందుకు కనబడవు అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. పలుగురాయి కూడా వెలుగును చీలుస్తుంది. కానీ దాని అంకెలు 1.544, 1.553. సెంటీమీటరు మందంలో జరిగేది మహా అయితే మిల్లీమీటరులో పదిహేడో వంతు. కంటికి ఆనదు. నల్లగొండ పిల్లలు కాబట్టి ఫ్లోరైడ్ మాట కూడా వస్తుంది. ఫ్లోరైట్ అసలు చీల్చదు, దాని అణువుల అమరిక ఘనాకారం, అన్ని దిక్కులూ దానికి ఒకటే.

గద్వాల పోరడు

నార్మల్ వంచే ఉపాయం మస్తు పనికొచ్చింది అన్నా. మొయిసనైట్ మీద పెట్టి చూశా. అన్ని ముఖాలకూ కుదరదు, ముఖానికో వంపు కావాలి. దగ్గరి నుంచి తీసే షాటుకు ఒక్క పక్క ముఖం చాలు, దానికి చేశాను. జంట గీతలు వచ్చాయి.

మిర్యాలగూడ ఫిజిక్స్ మేడమ్

దిక్కు సరిపోయింది. మూలను సగం చేసే గీత తీసుకున్నాక రాయీ రెండరూ పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టలేకపోయాను. జరిగిన దూరం 2.4. మూడు అంచుల దిశలు కూడి చూశాను, మొదట 45 దాటింది. మోడల్‌లో ఒక కోణం 100 దగ్గర ఉండిపోయింది, సరిచేశాక 44.6 వచ్చింది. 240 ఫ్రేములు, మా ల్యాప్‌టాప్‌లో రెండు రెండర్లకు కలిపి రెండు రాత్రులు పట్టింది.

ఈ రోజు మూడో పీరియడ్‌లో చూపించాను. ముందు ప్రొజెక్టర్ మీద యానిమేషన్, తరువాత చేతికి రాయి. ఈసారి రాయి చూడటానికి ఒక్కొక్కరికీ తక్కువ సమయమే పట్టింది, ఏం చూడాలో వాళ్లకు ముందే తెలుసు కాబట్టి. ఏ అక్షరం నిలిచి ఉంది, ఏది తిరుగుతోంది అని వాళ్లే చెబుతున్నారు. చదువరి గారు చెప్పినట్టు ఆఫీసు మానిటర్ మీద కూడా పెట్టాం. అక్షరం మాయమైనప్పుడు వచ్చిన అరుపుకు ప్రిన్సిపాల్ గారు బయటికొచ్చారు. ఆయన కూడా ఒకసారి తిప్పి చూశారు.

పోయినేడు రాయిని జారవిడిచిన అమ్మాయి ఇప్పుడు డిగ్రీలో చేరింది. విడిపోయిన ఆ ముక్కను ఆమెకే ఇచ్చాను. ఇందాక వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. పెద్ద రాయి ఫొటో నేను పంపినది ప్రింటు తీసుకుని, దాని మీద తన ముక్కను పెట్టి, రెండింటి మూలలనూ సగం చేసే గీతలు పెన్సిల్‌తో గీసింది. రెండు గీతలూ సమాంతరంగా ఉన్నాయి. రెండు రాళ్ల సీను కూడా చేయొచ్చా మేడమ్ అని కింద రాసింది. మిత్సుబా గురించి నాకు మొదటి అక్షరం నుంచి ఎవరైనా చెప్పగలరా? కొత్త ప్రశ్నగా వేరే పెడతాను, మీరు ముగ్గురూ అటు రండి.